పెళ్లైన ఆడబిడ్డకు తాతల భూమిలో వాటా ఉంటుందా?

ప్రశ్న: దేవరకొండ దగ్గర తాతల నాటి భూమి, హిందూ కుటుంబం. నాన్న 1998లో పోయారు. 1982లో పెళ్లైన అక్కకు వాటా వస్తుందా?

వస్తుంది. హిందూ వారసత్వ చట్టానికి అప్పటి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి కూతుళ్లకు పుట్టుకతో హక్కిచ్చింది, కానీ అప్పటికే పెళ్లైనవాళ్లను వదిలేసింది. అంటే శాసనసభ వివక్షను సగమే తీసింది. ఆ మిగిలిన సగం 2005 సెప్టెంబరు 9న పార్లమెంటు సవరణతో పోయింది. ఆ రోజుకు తండ్రి బతికి ఉండనక్కర్లేదని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది.

కట్నం ఇచ్చామన్న వాదన చెల్లదు. "ఎప్పుడో పంచుకున్నాం" అంటే 2004 డిసెంబరు 20కి ముందటి రిజిస్టర్డ్ పంపకపత్రమో కోర్టు డిక్రీయో చూపాలి. పెద్దమనుషులు రాసిన తెల్లకాగితం సాధారణంగా నిలవదు. పాసుపుస్తకం తమ్ముళ్ల పేరిట ఉందా? వివాదమైతే వాటా తేల్చేది సివిల్ కోర్టు, తహసీల్దారు కాదు. అక్కే వద్దనుకుంటే హక్కు విడుదల పత్రం రిజిస్టర్ చేయాలి, నోటిమాట చాలదు.