హెడ్‌లైన్ల పేజీని వదిలేయొద్దు, బతికించు

ప్రశ్న: మాది కావలి. నెల్లూరులో బీఎస్సీ కంప్యూటర్స్ చివరి సంవత్సరం చదువుతున్నాను. వార్తల హెడ్‌లైన్లు కదిలే వెబ్ పేజీని ప్రాజెక్టుగా చేశాను. హెడ్‌లైన్లు నేనే టైప్ చేసి, అక్షరాలను కదిలించే మార్క్యూ ట్యాగులో పెట్టాను. ఇంటర్వ్యూలో "రేపు ఇదే పేజీ తెరిస్తే ఏం కనపడుతుంది?" అని అడిగారు. "ఇవే వార్తలు" అన్నాను. అంతే, పంపేశారు. ఇదంతా మానేయమని, అప్పు చేసైనా ఏఐ కోర్సులో చేర్పిస్తానని నాన్న అంటున్నారు. చేరమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దమ్మా. అప్పు మాట మూడు నెలలు పక్కన పెట్టమని నాన్నగారికి చెప్పు. నిన్ను అడిగింది చాలా మంచి ప్రశ్న. దానికి జవాబుగా అదే పేజీని మళ్లీ చెయ్యి.

ముందు ఆ మార్క్యూ తీసెయ్. బ్రౌజర్లు ఇంకా చూపిస్తున్నా, ఇప్పటి హెచ్‌టీఎంఎల్ ప్రమాణాల ప్రకారం దాన్ని వాడకూడదు. చదివేలోపే వార్త దాటిపోతే ఎవరికి లాభం? కదలిక కావాలనుకుంటే ఆపే బటన్ కూడా పెట్టు.

ఇక వార్తలు. చాలా వార్తా సైట్లు ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్, అంటే ప్రోగ్రాములు చదవగలిగే తాజా వార్తల జాబితా, ఇస్తాయి. 1999లో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ కంపెనీ మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఒక్కో వార్తకు శీర్షిక, లింకు, వచ్చిన సమయం అందులో వరుసగా ఉంటాయి. జావాస్క్రిప్ట్‌తో నేరుగా తెద్దామని చూస్తే మాత్రం చాలాసార్లు కన్సోల్‌లో (బ్రౌజర్ తప్పులు చూపించే చోట) ఎర్రగా సీఓఆర్ఎస్ ఎర్రర్ వస్తుంది. నా దగ్గరకు వచ్చే పిల్లల్లో చాలామంది ఇక్కడే వదిలేస్తారు. ఒక సైటు పేజీ ఇంకో సైటు డేటాను, ఆ సైటు ఒప్పుకోకుండా చదవకూడదని బ్రౌజర్ పెట్టిన కాపలా అది. అందుకని నీ సర్వర్లో చిన్న పీహెచ్‌పీ స్క్రిప్టు రాయి. అది పదిహేను నిమిషాలకోసారి ఫీడ్ చదివి జేసన్ (డేటాను పద్ధతిగా రాసుకునే) ఫైలులో దాచిపెడుతుంది, నీ పేజీ ఆ ఫైలును చదువుతుంది. ఫీడ్ ఆగిపోయినా ఖాళీ పెట్టె కనపడదు, చివరిసారి తెచ్చిన వార్తలు ఉంటాయి. అవి ఎన్నింటికి తెచ్చినవో కింద చూపించు. ఫీడ్‌లో టైము తరచుగా జీఎంటీలో ఉంటుంది. 03:30 అని ఉంటే మనకు ఉదయం 9 గంటలు.

బయటి నుంచి వచ్చిన శీర్షికను కోడ్‌గా చదివే ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్‌లో పెట్టొద్దు, టెక్స్ట్‌కంటెంట్‌లో పెట్టు. ఎవరైనా అందులో కోడ్ దూర్చినా ఉత్త అక్షరాలుగానే కనపడుతుంది. వార్త మొత్తం ఎత్తి మన పేజీలో వేసుకోకూడదు. శీర్షిక, లింకు చాలు, అదీ ఆ సైటు నిబంధనలు చదివాకే.

ఇంతవరకు ఎవరైనా చేయగలరు. ఇక నువ్వు మాత్రమే బాగా చేయగలిగింది ఒకటి చెబుతాను. మన జిల్లా వాళ్లకు పనికొచ్చే వార్తలు శీర్షికల్లో మాటలు వెతికి వేరు చేసి చూపించు: రొయ్యల ధర, సోమశిల జలాశయం నీళ్లు, తుపాను హెచ్చరిక. చేసేటప్పుడు తెలుగు ఎంత పరీక్ష పెడుతుందో చూస్తావు. కొందరు "తుపాను" అని రాస్తారు, కొందరు "తుఫాను" అని. రెండూ వెతక్కపోతే సగం హెచ్చరికలు జారిపోతాయి. "రొయ్యలు" అని వెతికితే "రొయ్యల ధర" దొరకదు, "రొయ్య" వరకే వెతకాలి. మీ ఊరి పేరే తీసుకో. "కావలి" అని వెతికితే చేలకు కావలి కాసిన వార్త కూడా వచ్చి కూర్చుంటుంది. పక్కన నెల్లూరో, మునిసిపాలిటీ అన్న మాటో ఉంటేనే ఊరి వార్తగా తీసుకోవాలన్న షరతు నువ్వే ఆలోచించి రాయాలి. ఏఐ కోర్సులో రేపు ఎప్పుడైనా చేరినా, భాషతో పడే ఈ తిప్పలే అక్కడా ఎదురవుతాయి.

ఈ ఒక్క పేజీతో ఉద్యోగం వస్తుందని నేను మాట ఇవ్వలేను. డేటాబేస్, గిట్ (కోడ్‌లో మార్పులను దాచుకునే సాధనం) కూడా నేర్చుకోవాలి. కానీ ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ చూపించి కూర్చోవడం కంటే, ఎర్రర్ ఎందుకొచ్చిందో, దాన్ని ఎలా దాటావో చెప్పగలగడం ఎంతో మేలు. ఇన్నేళ్లుగా పిల్లలను పంపిస్తున్న అనుభవంతో చెబుతున్న మాట ఇది.

పేజీ అయ్యాక దాని జోలికి పోకుండా వారం రోజులు వదిలెయ్. ఎనిమిదో రోజు పొద్దున నాన్నగారి ఫోన్‌లో తెరిచి చూపించు. ఆ రోజు వార్తలే కనపడితే, కోర్సు సంగతి అప్పుడు ముగ్గురం కూర్చుని మాట్లాడుకుందాం.