డెండ్రైట్లు చీలతాయా, కొమ్మలేస్తాయా?

సందేహం: డిగ్రీ పిల్లలకి జువాలజీ చెప్తాను సార్. పండు ఈగ నాడీకణాల డెండ్రైట్ల (సంకేతాలు అందుకునే సన్నటి పోగుల) మీద నోట్సులో "నాడీకణపు డెండ్రైట్లు శాఖలుగా చీలును", "ప్యూపా దశలో డెండ్రైట్లు కత్తిరించబడును" అని రాశాను. పిల్లలు అర్థం కాలేదంటున్నారు. ఎక్కడ తప్పు?

సమాధానం: వ్యాకరణంలో తప్పు లేదమ్మా, కానీ మీరు ఎంచుకున్న క్రియలు రెండూ అక్కడ జరిగేదాన్ని చెప్పట్లేదు. చీలడం అంటే ఉన్నది రెండవడం, ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠలుగా చీలుతుంది, చీలాక ఆ పాత ధార ఇక అలాగే ఉండదు. ఈగ లార్వా (గుడ్డులోంచి వచ్చే పురుగు) చర్మం కింద ఉండే నాడీకణాల్లో ఎక్కువగా జరిగేది అది కాదు, ఉన్న కొమ్మ ఉన్నట్టే ఉంటుంది, దాని పక్క నుంచి కొత్తది పొడుచుకొస్తుంది, కాస్త సాగుతుంది, కొంచెం వెనక్కి పోతుంది, మళ్ళీ సాగుతుంది. వంగమొక్క అలా చేస్తే రైతు ఏమంటాడు, పక్కకొమ్మలు వేసింది అంటాడు కదా, మీరూ అదే రాయండి. డెండ్రైట్ అన్న మాటే చెట్టు అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి వచ్చింది కాబట్టి కొమ్మ అనడం మనం అతికించిన పోలిక కూడా కాదు. పిలకలు వేసింది అని మాత్రం వద్దు, పిలక మొదట్లోంచి వస్తుంది, అది వరికీ అరటికీ చెల్లుతుంది.

ఇక "బడు" సంగతి. కత్తిరించబడును అనగానే పిల్లాడు ఎవరు కత్తిరించారు అని అడుగుతాడు, అడగాలి కూడా! అక్కడ కత్తెర పట్టుకున్నవాళ్ళు లేరు, లార్వా పెద్ద ఈగగా మారే ఆ ప్యూపా దశలో ఎక్డైసన్ హార్మోన్ పెరగ్గానే ఆ కణమే తన డెండ్రైట్లని మొదలు దగ్గర తెంచేసుకుంటుంది, తెగిన ముక్కల్ని చుట్టూ ఉన్న చర్మకణాలు మింగేస్తాయి, సంకేతాలు బయటికి పంపే పొడవాటి పోగు, ఆక్సాన్, మాత్రం అలాగే ఉంటుంది, తర్వాత పెద్ద ఈగకి కావాల్సిన కొత్త కొమ్మలు తొడుగుతుంది. మనకి "కొను" అనే చక్కటి సాయం ఉంది, దాన్ని వాడండి: "నాడీకణం డెండ్రైట్లని రాల్చుకుంటుంది". పనిచేసేది ఎవరో, ఎవరి మీద చేస్తున్నారో ఆ ఒక్క మాటలోనే తెలిసిపోతుంది. ఒకే కణపు కొమ్మలు ఒకదానికొకటి తగిలినప్పుడు కూడా అంతే, "నివారించబడును" అని రాయకండి, "తప్పుకుంటాయి" అనండి. ఇది నా కొమ్మే అని గుర్తుపట్టడానికి డీస్కామ్1 అనే జన్యువు సాయపడుతుంది, ఆ ఒక్క జన్యువు నుంచి 38,016 రకాల ప్రొటీన్లు రావచ్చు, నాకైతే ఎన్నిసార్లు చదివినా ఆశ్చర్యమే.

ఇంకోటి, "పండు ఈగ" మార్చండి. మన మామిడి రైతుకి పండు ఈగ అంటే కాయలో గుడ్లు పెట్టి పాడుచేసే బాక్ట్రోసెరా. మీరు చెప్పేది మిగలపండిన అరటిపండు చుట్టూ ముసిరే ఎర్రకళ్ళ చిన్న ఈగ, దానికి డ్రోసోఫిలా అనే ఉంచండి.