బేస్‌బాల్ ఆటగాడు కార్ల్ యాస్ట్రెమ్‌స్కీ కెరీర్ బ్యాటింగ్ యావరేజ్ .285 మాత్రమే కదా, అంత గొప్ప బ్యాటర్ అని ఎందుకంటారు?

ఇదే ప్రశ్న నేనూ అడిగాను, అదీ బోస్టన్‌లో, పుట్టినప్పటినుంచీ రెడ్ సాక్స్ (యాస్ట్రెమ్‌స్కీ ఆడిన బోస్టన్ జట్టు) అభిమాని అయిన ఓ పెద్దాయన్ని. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులు, నాకు తెలిసిందల్లా క్రికెట్. .285 అంటే వంద ఛాన్సుల్లో 28, 29 హిట్లు, .300 దాటినవాళ్లు బోలెడంత మంది ఉండగా ఈయన హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఎందుకున్నాడు అనేశాను. ఆయన కోప్పడలేదు గానీ, ముందు 1968 సీజన్ చూసి రమ్మన్నాడు.

చూశాను. ఆ ఏడు అమెరికన్ లీగ్ (అక్కడి రెండు పెద్ద లీగ్‌లలో ఆయన జట్టు ఆడేది, రెండోది నేషనల్ లీగ్) మొత్తం యావరేజ్ .230. యాస్ట్రెమ్‌స్కీ (అక్కడ అందరూ 'యాజ్' అంటారు) .301 కొట్టి బ్యాటింగ్ టైటిల్ గెలిచాడు, ఇంత తక్కువతో టైటిల్ గెలిచినవాడు ఇంకొకడు లేడు. కానీ ఆ లీగ్‌లో .300 దాటింది కూడా ఆయనొక్కడే, రెండో స్థానంలో ఉన్న డానీ కేటర్‌ది .290. పిచర్ల (బంతి విసిరేవాళ్ల) రాజ్యం అది. అవతలి లీగ్‌లో పిచర్ బాబ్ గిబ్సన్ ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున పిచర్ ఖాతాలో పడే పరుగులు, ఎంత తక్కువైతే అంత గొప్ప) 1.12. ఇక లాభం లేదని 1969లో పిచర్ నిలబడే దిబ్బని 15 అంగుళాల నుంచి 10కి దించి, స్ట్రైక్ జోన్ (బ్యాటర్ వదిలేసినా బంతి స్ట్రైక్‌గా లెక్కకొచ్చే ప్రాంతం) కూడా తగ్గించారు.

ఇప్పుడు 1930 నేషనల్ లీగ్ చూడండి. బిల్ టెర్రీ .401. యాజ్ కంటే సరిగ్గా వంద పాయింట్లు (.100) ఎక్కువ, కానీ ఆ ఏడు లీగ్ మొత్తం యావరేజే .303! భాగించి చూస్తే టెర్రీ తన లీగ్ కంటే 32 శాతం పైన, యాజ్ 31 శాతం పైన. ఎంసెట్ రాసినవాళ్లకి దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు, పేపర్ కష్టంగా వచ్చిన ఏడు మార్కులు చూసి ఎవరూ కంగారుపడరు, ర్యాంకెంత అనే అడుగుతారు.

ఆ ఉత్సాహంలో కెరీర్ మొత్తానికి నేనే ఎక్సెల్‌లో లెక్క వేసి రెండు తప్పులు చేశాను, మీరు చేయకండి. ఒకటి, 1961 నుంచి 1983 దాకా 23 సీజన్ల లీగ్ యావరేజ్‌లు కలిపి 23తో భాగించేశాను, ఆయన ఏ ఏడు ఎన్నిసార్లు బ్యాట్ పట్టాడో దాన్నిబట్టి వెయిటేజీ ఇవ్వాలి. రెండోది నాకు చాలా ఆలస్యంగా తట్టింది: అమెరికన్ లీగ్‌లో డిజిగ్నేటెడ్ హిట్టర్ రూల్ (పిచర్ బదులు ఇంకొకరు బ్యాటింగ్ చేయొచ్చు) వచ్చింది 1973లో. అంతకుముందు పిచర్లూ బ్యాటింగ్ చేసేవాళ్లు, వాళ్లకి బ్యాటింగ్ అంతంతమాత్రం, దాంతో లీగ్ యావరేజ్ కిందికి జారుతుంది, మనవాడు ఉన్నదానికంటే కాస్త గొప్పగా కనిపిస్తాడు.

అందుకే ఇప్పుడు నేను నేరుగా ఓపీఎస్ ప్లస్ (బేస్ చేరడం, బలంగా కొట్టడం రెండూ కలిపి లీగ్‌తో పోల్చే అంకె) చూస్తాను. అందులో పిచర్ల బ్యాటింగ్ తీసేస్తారు, గ్రౌండ్ ప్రభావాన్నీ సర్దుతారు, 100 అంటే సగటు ఆటగాడు. యాజ్‌ది కెరీర్ మొత్తానికి 130. అన్నేళ్లు ఆడి, 44 ఏళ్ల వయసులో రిటైరై, చివర్లో పడిపోయిన సీజన్లు కూడా కలుపుకుని 130 అంటే మాటలు కాదు. బ్యాటింగ్ యావరేజ్‌లో అసలు కనబడని 1,845 వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులు పడితే కొట్టకుండానే దొరికే మొదటి బేస్) కూడా ఇందులో లెక్కకొస్తాయి. 1968లో ఆయన ఆన్-బేస్ (హిట్ కొట్టో, వాక్‌తోనో బేస్ చేరిన నిష్పత్తి) .426, అదీ లీగ్‌లో టాపే.

అయితే పెద్దాయన చెప్పని ముక్క ఒకటుంది. సొంత గ్రౌండ్ ఫెన్‌వే పార్క్‌లో యాజ్ యావరేజ్ .306, బయట .264. మైదానం ఎడమవైపు ఉండే ఆ ఎత్తైన గోడకి తగిలి ఎన్ని డబుల్స్ (రెండో బేస్ దాకా చేర్చే హిట్లు) వచ్చాయో మరి. ఈ సంగతి లంచ్‌లో ఎత్తితే మాత్రం ఆయన శాండ్‌విచ్ పక్కన పెట్టేసి, "ఆ గోడ ముందు ఫీల్డింగ్ చేసింది కూడా ఆయనే కదా" అని ఇంకో అరగంట మొదలుపెట్టాడు.