అడ్మిషన్ల బాధ్యత తలకెత్తుకున్న నా శిష్యురాలికి

చిరంజీవి తల్లికి, మీ సారు ఆశీస్సులు.

ఈ యేడు అడ్మిషన్ల కమిటీ నీ మీద పెట్టారని ఫోన్లో చెప్పినప్పుడు నీ గొంతులో సంతోషం కన్నా బెంగే ఎక్కువ వినిపించింది. "పోయినేడు బీఏలో పదకొండు మందే చేరారు సార్, ఈసారి ఇంకా తగ్గితే కోర్సే ఎత్తేస్తారేమో" అన్నావు. రెండు నిమిషాల్లో తేలే మాట కాదని ఉత్తరం రాస్తున్నాను. సర్కారు డిగ్రీ కాలేజీల్లో ఇరవై ఏడేళ్లు పనిచేశాను. అందులో తొమ్మిదేళ్లు ఎండాకాలం సెలవులన్నీ ఈ పనికే పోయాయి. ఆ తొమ్మిదేళ్లలో తెలిసింది చెబుతాను.

ముందు పిల్లలు ఎటు పోతున్నారో చూడు. చదువు మీద మనసు తగ్గిందనుకుంటే పొరపాటు. 2021-22 కేంద్ర ప్రభుత్వ ఉన్నత విద్యా సర్వేలో దేశం మొత్తం మీద 4.33 కోట్ల మంది చదువుతున్నట్టు తేలింది. 18 నుంచి 23 ఏళ్ల వయసును లెక్కగా తీసుకుంటే దేశంలో స్థూల నమోదు, అంటే ఆ వయసు వాళ్ల సంఖ్యతో పోలిస్తే ఉన్నత చదువుల్లో చేరినవాళ్ల సంఖ్య, 28.4 శాతం, మన తెలంగాణలో 40. అంటే ఇంటర్ దాటి చదివే పిల్లలు మన దగ్గర దేశం కన్నా ఎక్కువే. వాళ్లు మన గేటు లోపలికి రావడం లేదు, అంతే. ఒకప్పుడు ఇంటర్ ఎంపీసీ పాసైన పిల్లల్లో చాలామంది బీఎస్సీకి వచ్చేవాళ్లు. ఇప్పుడు ర్యాంకు ఎంతైనా సరే, ఇంజనీరింగే, అందులోనూ కంప్యూటర్ సైన్సే. 2024-25 నుంచి ఇంజనీరింగ్ కాలేజీలకు అనుమతులిచ్చే ఏఐసీటీఈ బ్రాంచికి ఇన్ని సీట్లే అన్న పరిమితి ఎత్తేశాక నగరం చుట్టుపక్కల కాలేజీలు ఆ ఒక్క బ్రాంచిలోనే సెక్షన్ల మీద సెక్షన్లు పెంచుకున్నాయి. ఆ సీట్లు నిండేది మన బీఎస్సీ పిల్లలతోనే. ఆడపిల్లల్లో కొందరు 2016 తర్వాత వచ్చిన గురుకుల మహిళా డిగ్రీ కాలేజీలకు పోతున్నారు. దానికి నాకు బాధ లేదు, అక్కడ తిండీ వసతీ ఉన్నాయి.

వీటన్నిటి వెనక ఇంకోటి ఉంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో చాలా ఇళ్లలో ముగ్గురు, నలుగురు పిల్లలుండేవాళ్లు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి మన రాష్ట్రంలో తల్లికి సగటున 1.8. కాలేజీలేమో పెరిగాయి. 18 నుంచి 23 ఏళ్ల వయసు వాళ్లు లక్ష మందికి దేశంలో సగటున 30 కాలేజీలుంటే మన దగ్గర 52 అని అదే ఉన్నత విద్యా సర్వే చెప్పింది. ఉన్న కొద్దిమంది కోసం ఇన్ని కాలేజీలు పెనుగులాడుతుంటే పిల్లల్ని చేర్పించడానికి ప్రైవేటు కాలేజీలు పెట్టుకున్న పీఆర్వోలు ఊరూరా తిరగక ఏం చేస్తారు?

ఆ పీఆర్వోల సంగతి నీకు బాగా తెలియాలి. 2016లో డిగ్రీ సీట్లన్నీ ఆన్‌లైన్లోనే ఇచ్చే దోస్త్ వచ్చినప్పుడు నేనెంత సంబరపడ్డానో! దరఖాస్తు పట్టుకుని కాలేజీ కాలేజీకీ తిరిగే బాధ పోయింది, పిల్లలు ఇంట్లో కూర్చుని ఆప్షన్లు పెట్టుకుంటారనుకున్నాను. ఒక జూన్‌లో మన హెల్ప్‌లైన్ కౌంటర్ దగ్గరికి ఒక తండ్రీ కొడుకూ వచ్చారు. పిల్లాడి వివరాలు కొడితే అప్పటికే రిజిస్టరైపోయి ఉన్నాడు. మొదటి ఆప్షను నుంచి చివరి దాకా ఒకే కాలేజీ, అదీ వాళ్ల ఊరికి అరవై కిలోమీటర్ల దూరంలో. తండ్రి అంగీ జేబులోంచి పాలిథిన్ కవర్లో చుట్టిన చిన్న ఫోన్ తీసి నా చేతికిచ్చాడు. అందులో ఓటీపీ మెసేజీలు వరసగా ఉన్నాయి. "హోటల్ కాడ ఒకాయన ఛాయ్ తాపిచ్చి నంబర్ చెప్పుమన్నడు సార్, స్కాలర్‌షిప్పుకన్నడు" అన్నాడు. పిల్లాడు తల వంచుకుని నిలబడ్డాడు. రెండో విడతలో ఆ ఆప్షన్లు మార్పించేసరికి మూడు రోజులు పట్టింది. ఒక్కో పిల్లాడికి ఇంత అని కమీషన్ తీసుకుని చేసే ఆ పని నా దృష్టిలో దొంగతనమే. అందుకే జూనియర్ కాలేజీకి పోయినప్పుడు మన కాలేజీ గురించి చెప్పేముందు ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని చెప్పు. మెమో, టీసీ అసలువి ఎవరి చేతిలోనూ పెట్టొద్దని చెప్పు. సర్టిఫికెట్లు చూసి అక్కడికక్కడే తిరిగిచ్చేయాలని, కాలేజీ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే ఆదేశమిచ్చింది. ఆ కాగితం జిరాక్సు నీ బ్యాగులో పెట్టుకో. ఆ పిల్లలు మన కాలేజీలో చేరినా చేరకపోయినా ఈ మాట వాళ్లకు అక్కరకొస్తుంది.

ఊళ్లకు ఎప్పుడు పోవాలని అడిగావు. ఇంటర్ ఫలితాలొచ్చాక కరపత్రాలు పంచితే ఆలస్యమైనట్టే. డిసెంబరు, జనవరిలోనే చుట్టుపక్కల సర్కారు జూనియర్ కాలేజీలకు పో. ఒక్కదానివే పోకు. ఆ ఊరి నుంచే వచ్చి మన దగ్గర రెండో యేడు చదువుతున్న అమ్మాయిని వెంట తీసుకుపో, మాట్లాడటం ఆమెకే వదిలెయ్. నువ్వు అరగంట చెప్పేదానికన్నా "మా క్లాసులో మనూరోళ్లం నలుగురమున్నం" అని ఆమె అనే ఒక్క మాట ఎక్కువ పనిచేస్తుంది. అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ రాసే పిల్లల్ని అందరూ మరిచిపోతారు, నువ్వు మరవకు. ఫెయిలైన సిగ్గుతో వాళ్లంతట వాళ్లు రారు. ఫలితాలు వచ్చిన రోజే ఫోన్ చెయ్యి.

ఇక బస్సు. దీని గురించి ఎక్కువ రాస్తున్నానని విసుక్కోకు. ఒక యేడు ఒక తండా నుంచి ముగ్గురు ఆడపిల్లలు బీఎస్సీ బీజెడ్‌సీలో (బాటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) చేరారు. దసరా సెలవుల తర్వాత ముగ్గురూ రాలేదు. పెళ్లిళ్లేమో అని స్టాఫ్ రూమ్‌లో అనుకున్నారు. నేను బండి మీద వెళ్లాను. పత్తి ఏరుతున్న చోటే దొరికారు. వాళ్లను కదిపితే తెలిసింది, మన ప్రాక్టికల్స్ నాలుగున్నరకు అయిపోతాయి, ఆ దారిలో చివరి బస్సు నాలుగింటికి. ల్యాబ్ ఉన్న రోజు ఆ బస్సు దొరకదు, పెద్ద రోడ్డు మీద దిగి చీకట్లో మూడు కిలోమీటర్లు నడవాలి. ఒక రోజు ఎవరో వెంటపడ్డారట. ఆ సంగతి ఇంట్లో చెబితే చదువే మాన్పిస్తారని, వాళ్లంతట వాళ్లే మానేశారు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ల్యాబ్ పొద్దున పూటకు మార్చాం. డిపో మేనేజర్‌కు మూడుసార్లు అర్జీ పెట్టుకున్నాక ఆ చివరి బస్సు వేళ నాలుగూ నలభైకి మారింది. ఇద్దరు తిరిగొచ్చారు. ఒకమ్మాయి రాలేదు. మరుసటి యేడు ఆ తండా నుంచి మనం ఒక్క కరపత్రం కూడా పంచకుండానే తొమ్మిది మంది చేరారు.

ఇప్పుడు 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ ప్రయాణం ఉచితమైంది. పాసు డబ్బులకు వెనకాడే ఇళ్ల నుంచి కూడా పిల్లలు పంపించమని అడుగుతారు. కానీ టికెట్టు లేకపోవడం వేరు, సమయానికి బస్సుండటం వేరు. టైమ్‌టేబుల్ వేసేముందే బస్సుల వేళలు ముందు పెట్టుకుని కూర్చోమని మీ ప్రిన్సిపాల్‌కు చెప్పు. వినకపోతే నాకు ఫోన్ కలుపు, నేను మాట్లాడతాను.

బీఏ సంగతికొస్తాను. చరిత్ర, పాలిటీ, ఎకనామిక్స్ చదివిన పిల్లలకు గ్రూప్-2 సిలబస్ చూపించు. మూడేళ్లు క్లాసులో విన్నదే అక్కడా అడుగుతారని వాళ్ల కళ్లతో వాళ్లనే చూడనీ. ఉద్యోగం గ్యారంటీ అని మాత్రం అనకు. బీకాం కంప్యూటర్స్ పిల్లలతోనూ అనకు. ఆశ పెట్టి చేర్చుకుంటే మొదటి సెమిస్టర్ కూడా నిలవరు. ఇంగ్లిష్ మీడియం అంటే భయపడే పిల్లలకు మొదటి నెలంతా తెలుగులో చెప్పి మెల్లగా మారుస్తామని మాటివ్వు. ఇచ్చాక సబ్జెక్టు లెక్చరర్లందరి చేతా నిలబెట్టించు.

సీటొచ్చాక గడువులోగా ఆ సీటు తీసుకుంటున్నామని ఆన్‌లైన్లో సెల్ఫ్ రిపోర్టింగ్ చెయ్యకపోతే సీటు పోతుందని చాలామందికి తెలియదు. కులం, ఆదాయం సర్టిఫికెట్లు మీసేవలో ముందే తీయించుకోమను. 75 శాతం హాజరు లేకపోతే స్కాలర్‌షిప్ ఆగుతుందని మొదటి రోజే చెప్పు. ఇవి చిన్న పనులే, చేసేవాళ్లే ఉండరు.

ఇంకోటి. చేరిన పిల్లల సంఖ్య ప్రిన్సిపాల్ గదిలో బోర్డు మీద రాస్తారు. వాళ్లలో ఎంతమంది చివరి సెమిస్టర్ పరీక్ష రాశారో ఎక్కడా రాయరు. ఆ లెక్క నువ్వు రాయడం మొదలుపెట్టు. క్లాసులు మొదలైన పదిహేను రోజుల్లో ఒక్కసారైనా రాని పిల్లల పేర్లు వేరే కాగితం మీద రాసుకుని ఒక్కొక్కరికీ నువ్వే ఫోన్ చెయ్యి. తల్లిదండ్రులు పుణె, ముంబై పనులకు పోతే ఇంట్లో చిన్నవాళ్లను చూసుకుంటూ ఆగిపోయినవాళ్లుంటారు. మన పాలమూరులో ఇది కొత్త కాదు. అలాంటి పిల్లకు బీసీ, ఎస్సీ, ఎస్టీ కాలేజీ హాస్టళ్లలో దేంట్లో ఖాళీ ఉందో కనుక్కుని పెట్టు. ఆ పదకొండు మంది బీఏ పిల్లల్ని కూడా ఒకసారి కూర్చోబెట్టి అడుగు, ఎందుకు చేరారని, ఎవరు చెబితే చేరారని. నీకు కావాల్సిన దారి వాళ్ల దగ్గరే దొరుకుతుంది.

ఆదివారం వీలైతే ఇంటికి రా. నా పాత నోటుబుక్కు తీసి పెట్టాను. అందులో నలభై రెండు ఊళ్లు, ఏ ఊరి పిల్లలు ఎక్కడ బస్సెక్కుతారు, ఎన్నింటికి దిగుతారు అన్నీ రాసి ఉన్నాయి. వేళలు చాలావరకు మారి ఉంటాయి, డిపోలో అడిగి సరిచూసుకో. మా ఇంటావిడ నీకోసం సర్వపిండి చేస్తానంది.

ఇట్లు,
మీ సారు