దగ్గు తగ్గాక కాళ్ళు పడిపోతే వెన్నుపాము వాపు అంటారా? మా బావకి అయింది

మీ తమ్ముడికి దగ్గు, జ్వరం తగ్గిన వారానికి కాళ్ళు బరువెక్కి యూరిన్ కూడా ఆగిపోయిందని రాశారు, దగ్గుకీ వెన్నుకీ ఏటి సంబంధం అని కదా మీ డౌటు. మాది పర్లాకిమిడి, మా బావకి అచ్చం ఇలాగే అయింది. ముందు ఒక మాట, యూరిన్ ఆగిందంటే రేపు చూద్దాం అనకండి, ఎమ్మారై ఉన్న ఆసుపత్రికి ఇవాళే తీసుకెళ్ళండి.

సంబంధం ఉందండి. ఫ్లూ గానీ మైకోప్లాస్మా (ఊపిరితిత్తులకి పట్టే ఒక క్రిమి) గానీ కోవిడ్ గానీ వచ్చాక, దాని మీదకి లేచిన మన ఒంట్లో రక్షణ వ్యవస్థే ఒక్కోసారి దారి తప్పి వెన్నుపాము మీద పడుద్ది, అక్కడ వాపొస్తుంది, ట్రాన్స్‌వర్స్ మైలైటిస్ అంటారు. దగ్గు పోయాక వస్తుంది కాబట్టి ఎవరికీ తట్టదు, మా ఊళ్ళో ఒకాయనైతే నీరసం అని బీ12 ఇంజెక్షన్ పొడిచి పంపేశాడు. బరంపురంలో ఒక కుర్ర డాక్టరమ్మ మాత్రం గుండుసూదితో కాళ్ళ నుంచి పైకి గుచ్చుకుంటూ వచ్చింది, బొడ్డు దాకా బావ ఉలకలేదు పలకలేదు, బొడ్డు దాటగానే అబ్బా అన్నాడు, ఆవిడ అక్కడే పెన్నుతో గీత గీసి, తేడా వెన్నులోనే ఉందని ఎమ్మారై రాసేసింది.

ఎమ్మారై ఎందుకంటే టీబీ గానీ డిస్క్ గానీ వెన్నుపాముని నొక్కుతుంటే వైద్యమే వేరు, ఆపరేషన్ కూడా కావచ్చు. అదేం లేదని తేలాక నడుములోంచి నీరు తీసి చూశారు, తర్వాత మిథైల్ ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ సెలైన్‌లో, మామూలుగా రోజుకి 1 గ్రాము, 3 నుంచి 5 రోజులు ఇస్తారు. షుగర్ పెరుగుతుంది, చూసుకోవాలి. దానికి లొంగకపోతే ప్లాస్మా మార్పిడి, అంటే రక్తంలో నీటి భాగం తీసేసి వేరేది ఎక్కిస్తారు. ఏక్యూపీ4, మాగ్ యాంటీబాడీ టెస్టులకి (మన నరాల మీదే పడే యాంటీబాడీలు ఉన్నాయా అని చూసేవి) రక్తం ఆ ప్లాస్మా మార్చకముందే తీయమనండి, ఏక్యూపీ4 పాజిటివ్ అయితే మళ్ళీ మళ్ళీ వచ్చే రకం, మందులు ఏళ్ళ తరబడి వాడాలి.

నడుస్తాడా అంటే, తేరుకోవడం సాధారణంగా 2 నుంచి 12 వారాల్లో మొదలవుద్ది, 2 ఏళ్ళ దాకా సాగొచ్చు, అందరికీ పూర్తిగా రాదు. బావ ఇప్పుడు కర్రతో బజారుకి వెళ్తాడు గానీ యూరిన్ వస్తే ఆపుకోలేడు.

చుట్టాలొచ్చి ఇసక మూట కాపడం పెడతామంటారు, పెట్టనివ్వకండి, స్పర్శ లేని కాలు కాలినా తెలీదు. మంచం మీద రెండేసి గంటలకి పక్క తిప్పుతుండాలి, లేకపోతే పుండ్లు పడతాయి.

ఎమ్మారైలో ఏటన్నారో ఇక్కడే రాయండి, మా బావ రిపోర్టులు తీసి చూసి చెప్తాను.