రెండు జీతాలొస్తున్నా నిద్ర రాదేం?

ప్రశ్న: మా ఆయనకు నెలకు చేతికొచ్చేది 1,90,000. నాకు 1,70,000. తిరుపతిలో ఎయిర్ బైపాస్ రోడ్డుకు దగ్గర్లో సొంత ఫ్లాటు ఉంది, దాని మీద 60 లక్షల లోను. ఇద్దరు పిల్లలు. రాత్రి పడుకునే ముందు బ్యాంకు యాప్ నాలుగైదుసార్లు తెరుస్తాను. బ్యాలెన్సు చూస్తే కాసేపు హాయి, మళ్లీ గుబులు. మొన్న ఆయన 1,40,000 పెట్టి ఫోను కొన్నారు, రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు. మా నాయన మామిడి రైతు. తోతాపురి కాయ ఫ్యాక్టరీకి తోలాక డబ్బు ఎప్పుడొస్తుందో తెలియని ఇంట్లో పెరిగాను. ఇంత సంపాదిస్తూ ఇంకా ఈ భయమేంటి? (ఖర్చులు, పొదుపుల వివరాలు జతచేశాను.)
— పేరు రాయవద్దన్న పాఠకురాలు, తిరుపతి

జవాబు: భయపడకండి అనడం తేలిక. కానీ ఒక్కోసారి భయం నిజమే చెబుతుంది, అందుకే ముందు లెక్క చూశాం. మీకు నెలనెలా తప్పనివి ఇవి: ఇంటి ఈఎంఐ 52,000, కారుది 16,000, బడి ఫీజులు సగటున 18,000, ఇంటి ఖర్చు 45,000, అత్తమామలకు 15,000, బీమా 9,000. మొత్తం 1,55,000. రేపు ఆయన జీతం ఆగిపోతే మీ జీతంతో ఇల్లు నడిచి 15,000 మిగులుతుంది. మీది ఆగితే ఆయన జీతంలో 35,000 మిగులుతుంది. మీ ఆదాయంలో ఉన్న ఇళ్లలో చాలావాటికి ఈ వెసులుబాటు ఉండదు. రెండు జీతాలనూ నమ్ముకుని ఈఎంఐలు పెంచేసుకుంటారు.

మరి గుబులెక్కడిది? మీ కాగితంలోనే దొరికింది. రాబడి 3,60,000, తప్పని ఖర్చు 1,55,000. మిగలాల్సింది 2,05,000. అందులో చీటీకి 25,000, సిప్‌లకు (నెలనెలా మ్యూచువల్ ఫండ్లలో పెట్టే వాయిదాలకు) 30,000 అని రాశారు. ఇంకా లక్షన్నర ఉండాలి. దాని ఊసే మీ కాగితంలో లేదు. మా ఉద్దేశంలో మీకు నిద్ర పట్టనివ్వనిది ఆ లక్షన్నరే. ఎటు పోతోందో తెలియని డబ్బు ఎంతున్నా ఉన్నట్టు అనిపించదు.

ఖర్చుల పుస్తకం మాత్రం మొదలుపెట్టొద్దు. రోజూ రాయడం రెండు వారాలకు మించి సాగదు, ఆగిపోగానే అదో కొత్త అపరాధ భావం. వెనక్కి చూడండి. ఇద్దరి ఖాతాలవీ, క్రెడిట్ కార్డులవీ గడిచిన మూడు నెలల స్టేట్‌మెంట్లు ప్రింటు తీయండి. పక్కన మూడు గుర్తులే పెట్టండి: తప్పనిది, ఇష్టపడి పెట్టింది, గుర్తులేనిది. 500 లోపు యూపీఐ చెల్లింపుల జోలికి వెళ్లకండి. వెళితే మొదటి పేజీలోనే ఓపిక అయిపోతుంది. వాటన్నిటికీ కలిపి చివర్లో ఒక అంకె వేసుకుంటే చాలు. ఒక పొరపాటు అందరూ చేస్తారు: కార్డు మీద కొన్నవీ రాస్తారు, బ్యాంకు నుంచి కట్టిన కార్డు బిల్లూ రాస్తారు. ఒకే ఖర్చు రెండుసార్లు పడి, ఇంత తగలేశామా అని గుండె ఆగినంత పనవుతుంది. బిల్లు కట్టిన వరుసను కొట్టేయండి.

ఇక మీ పొదుపులు. కరకంబాడి రోడ్డులో ప్లాటు, 30 సవర్ల బంగారం, పాడని చీటీ, బ్యాంకులో 4 లక్షల ఎఫ్‌డీ. ఆస్తి చూస్తే బాగానే ఉంది. అయితే ఈ రాత్రి ఆసుపత్రిలో కట్టాల్సి వస్తే చేతికందేది 4 లక్షలే. అంటే రెండున్నర నెలల ఖర్చు. ప్లాటు అమ్మాలంటే నెలలు పడుతుంది, చీటీ పాడాలంటే ఆ నెల ఎంత తగ్గించి పాడాలో తెలియదు. మీ భయంలో ఈ మేరకు నిజముంది. దాన్ని కొట్టిపారేయకండి.

తిరుపతిలో ఉండేవారికి ముడుపు గురించి చెప్పాల్సిన పనిలేదు. పసుపు గుడ్డలో కట్టి పూజగదిలో పెట్టిన డబ్బును ఇంట్లో బియ్యం నిండుకున్నా ముట్టుకోరు. రూపాయి రూపాయే అయినా, మనసు మాత్రం ఒక్కో డబ్బుకు ఒక్కో గది కడుతుంది. ఆర్థికశాస్త్రంలో దీన్ని మానసిక పద్దులు అంటారు. దీని మీద పనిచేసిన రిచర్డ్ థేలర్‌కు 2017లో నోబెల్ వచ్చింది. ఈ గుణం వల్ల నష్టాలూ ఉన్నాయి గానీ మీకు మాత్రం పనికొస్తుంది. ఆరు నెలల ఖర్చు 9,30,000 మీ ముడుపు అనుకోండి. 4 లక్షలు ఉన్నాయి, మిగతా 5,30,000 నెలకు 90,000 చొప్పున ఆరు నెలల్లో చేరుతుంది. రోజువారీ ఖాతాలో కాకుండా వేరుగా, రెండు బ్యాంకుల్లో పెట్టండి. ఒక్కో బ్యాంకులో ఒక్కో డిపాజిటరుకు వడ్డీతో కలిపి 5 లక్షల వరకే డిపాజిట్ బీమా ఉంటుంది, 2020 నుంచి ఉన్న పరిమితి ఇది. ఇద్దరి పేర్లూ ఉండాలి, ఎవరైనా తీసుకోగలిగేలా ‘ఈదర్ ఆర్ సర్వైవర్’ అని రాయించండి. ఒక్కరి పేరునే ఉంటే, ఆ ఒక్కరు ఐసీయూలో ఉన్న రోజున అది అక్కరకు రాదు.

యాప్ సంగతి. చూసిన ప్రతిసారీ కాసేపు హాయిగా ఉంటుందని మీరే రాశారు. అలవాటును పెంచేది ఆ హాయే. దురద గోకినట్టు, గోకినకొద్దీ ఇంకా కావాలంటుంది. శనివారం సాయంత్రం 20 నిమిషాలు, ఇద్దరూ కలిసి, అప్పుడే చూడండి. ఫండ్లు, షేర్ల నోటిఫికేషన్లు ఆపేయండి. లాభం ఇచ్చే సంతోషం కంటే అంతే నష్టం ఇచ్చే బాధ ఎక్కువని మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ 1979లోనే రాశారు. రోజూ చూస్తే ఎరుపు అంకెలు ఎక్కువసార్లు కనబడతాయి, అంతే. ఖాతాలో డబ్బు తగ్గినప్పుడు వచ్చే మెసేజ్‌లు మాత్రం ఆపొద్దు, మోసం జరిగితే ముందు తెలిసేది వాటితోనే. మొదటి వారం పది రోజులు చూడాలన్న తహతహ పెరుగుతుంది, తగ్గదు. అప్పుడు మీవారిని “ఎంతుంది?” అని అడుగుతారు. ఆయన అంకె చెప్పకూడదు. “శనివారం చూద్దాం” అనాలి. అంకె చెప్పారంటే యాప్ బదులు ఆయన్ని తెరిచినట్టే.

ఫోను గొడవకు మందు చిన్నదే. నెలకు చెరి 15,000, ఎందుకు పెట్టావని ఎవరూ అడగకూడదు. ఇద్దరికీ సమానంగా ఉండాలి, జీతాల నిష్పత్తిలో వద్దు. నిష్పత్తి పెట్టారంటే ఎవరెక్కువన్న ముచ్చట ప్రతి నెలా లేస్తుంది. సొంత డబ్బులోంచి కాకుండా 20,000 దాటితే ముందు ఒకమాట అనుకోవాలి. డబ్బు మాటలు రాత్రి తొమ్మిది తర్వాత వద్దు, అత్తమామల ముందు అసలే వద్దు. మీ నాయన ఫ్యాక్టరీ డబ్బు కోసం ఎదురుచూసిన సంగతి మీవారికి ఎప్పుడైనా చెప్పారా? ఆయన ఇంట్లో డబ్బు ఎలా ఉండేదో మీరు అడిగారా? మీ ఉత్తరంలో ఆయన చిన్నతనం గురించి ఒక్క వాక్యం లేదు.

ఇవన్నీ చేశాకా రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోయినా, గుండెదడ ఉన్నా అది డబ్బు లెక్కతో తీరేది కాదు. రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే టెలిమానస్ నంబరు 14416కు ఇంటినుంచే ఫోన్ చేయొచ్చు, ఖర్చుండదు.

ప్రశ్న: మా ఆవిడ నాకంటే ఎక్కువ సంపాదిస్తుంది. మా తమ్ముడి 12 లక్షల లోనుకు రెండేళ్ల కిందట హామీ సంతకం పెట్టాను, ఆమెకు చెప్పలేదు. వాడు మూడు నెలలుగా కట్టడం లేదు. బ్యాంకువాళ్లు నాకు ఫోన్ చేస్తున్నారు. ఎలా చెప్పాలి?
— ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: సాక్షి సంతకంలాంటిదని అనుకుని ఉంటారు. కాదు. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, హామీదారు బాధ్యత అప్పు తీసుకున్నవాడితో సమానం. ముందు తమ్ముడి వెంటపడి, తర్వాతే మీ దగ్గరికి రావాలన్న నియమం బ్యాంకుకు లేదు.

చెప్పే ముందు బ్యాంకుకు వెళ్లి మూడు కాగితాలు తెచ్చుకోండి: హామీ పత్రం నకలు, ఈరోజుకు బాకీ ఎంతో చూపే స్టేట్‌మెంట్, ఆగిన వాయిదాల వివరం. పత్రాలు లేకుండా చెబితే ఆమె అడిగే మొదటి ప్రశ్నకే తడబడతారు. దాన్ని ఇంకో దాపరికం అనుకుంటుంది.

అంకెను మొదటి వాక్యంలోనే చెప్పండి. “కోప్పడకుండా విను” అన్న పీఠిక వద్దు. అన్నిటికంటే చెడగొట్టేది విడతలవారీగా చెప్పడం: ఇవాళ 5 లక్షలని, వారానికి 12 అని. అప్పును క్షమించేవారు కూడా రెండో విడతను క్షమించరు. ఇంకేవైనా చేబదుళ్లు, చీటీ హామీలు ఉంటే అవీ అదేరోజు బయటపెట్టండి. ఆమె జీతంలోంచి కడదామన్న మాట మాత్రం ఆరోజు మీ నోటినుంచి రాకూడదు. తమ్ముణ్ని వెనకేసుకురావడం కూడా ఆగితే మేలు. తర్వాత ముగ్గురూ కలిసి బ్యాంకు మేనేజరును కలవండి. వాయిదా తగ్గించి గడువు పెంచే వీలుందేమో అడగాల్సింది ఇప్పుడే, నోటీసు వచ్చాక కాదు.

ప్రశ్న: కొత్తగా పెళ్లయింది, ఇద్దరికీ కలిపి 2,20,000. అత్తగారు వీధిలో తెలిసినావిడ దగ్గర 10 లక్షల చీటీ వేయమంటున్నారు. వద్దంటే నొచ్చుకుంటారేమో.
— పాఠకురాలు, శ్రీకాళహస్తి

జవాబు: చీటీ తప్పని మేం అనం, కాగితం లేని చీటీ తప్పంటాం. 1982 నాటి చిట్ ఫండ్ల చట్టం ప్రకారం ప్రతి చీటీకీ ముందుగా అనుమతి తీసుకుని రిజిస్టరు చేయాలి, నడిపేవారి కమీషన్ 7 శాతం దాటకూడదు. అత్తగారితో వద్దు అనకండి. “అత్తయ్యా, రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, ఉంటే వేద్దాం” అనండి. నంబరు ఉందని తేలినా, నాలుగు నెలల ఖర్చు బ్యాంకులో చేరేదాకా 10 లక్షలది కాకుండా 2 లక్షలది వేసుకోండి.