ఫోన్ వచ్చిన రోజే రాసిపెట్టు

చిరంజీవికి ఆశీస్సులు.

కంపెనీల మధ్య పోటీ దెబ్బతినకుండా చూసే పోటీ నియంత్రణ సంస్థలో చేరుతున్నావని తెలిసి సంతోషించాను. చట్టం, ఆర్థికశాస్త్రం నాకన్నా నీకే బాగా వచ్చు, వాటి జోలికి పోను. రాజకీయ ఒత్తిడి గురించి మాత్రం నాలుగు మాటలు విను.

ఫలానా కంపెనీని వదిలెయ్యమని ఎవరూ కాగితం మీద రాసివ్వరు. "ఆ విలీనం ఫైలు ఎంతవరకు వచ్చిందండీ?" అని మంత్రి పేషీ నుంచి మర్యాదగానే అడుగుతారు. తర్వాత ఉద్యోగాలు పోతాయంటారు, దేశ ప్రతిష్ఠ అంటారు. నువ్వూ మర్యాదగానే చెప్పు: "మీ అభిప్రాయం రాసి పంపండి, ఫైల్లో చేర్చి మిగతా పక్షాలకూ చూపిస్తాం." చాలా ఫోన్లు అక్కడితో ఆగిపోతాయి. ఆగకపోతే ఎవరు, ఎప్పుడు, ఏమన్నారో అదే రోజు నోట్ రాసి పై అధికారికి చూపించు. 1971లో ఐటీటీ కంపెనీ మీద పోటీ చట్టం కింద వేసిన కేసులో అప్పీలుకు వెళ్లవద్దని అమెరికా అధ్యక్షుడు నిక్సన్ న్యాయశాఖకు ఫోన్లోనే చెప్పారు. తన ఆఫీసు సంభాషణలను ఆయనే రికార్డు చేయించుకున్న టేపుల పుణ్యమా అని ఆ సంగతి ఇవాళ మనకు తెలుసు. నీకు వచ్చే ఫోన్లను టేపు చేసేవాళ్లెవరూ ఉండరు!

జర్మనీ పద్ధతి నాకు కొంత నచ్చుతుంది. కార్టెల్ కార్యాలయం (అక్కడి పోటీ నియంత్రణ సంస్థ) వద్దన్న విలీనాన్ని అక్కడ ఆర్థిక మంత్రి అనుమతించవచ్చు, కానీ బహిరంగంగా, కారణాలు రాసి. ఎడెకా సంస్థ కైజర్స్ టెంగెల్మన్ సూపర్‌మార్కెట్లను కొనడాన్ని కార్యాలయం 2015లో నిషేధిస్తే, ఉద్యోగాల పేరు చెప్పి 2016 మార్చిలో మంత్రి గాబ్రియేల్ అనుమతిచ్చారు. జులైలో డ్యూసెల్డార్ఫ్ కోర్టు దాన్ని నిలిపేసింది. కంపెనీల పెద్దలతో మంత్రి జరిపిన మంతనాల జాడ ఫైల్లో లేదని, పక్షపాతాన్ని శంకించాల్సి వస్తోందని తప్పుపట్టింది. చివరికి ఆ కొనుగోలు రాజీతో జరిగిపోయిందనుకో, అది వేరే కథ.

అసలు చప్పుడు చెయ్యని ఒత్తిడి ఇంకోటి ఉంది. సభ్యుల ఖాళీలు నింపరు, బడ్జెట్ కోస్తారు, కోరం, అంటే నిర్ణయానికి కావాల్సిన కనీస సభ్యులు, లేక కేసులు మూలనపడతాయి. అప్పుడు నిందించడానికి ఒక ఫోన్ కాల్ కూడా దొరకదు. ఒక్కోసారి తొలగింపే నేరుగా వస్తుంది. 2025 మార్చిలో అక్కడ పోటీ చట్టాలు అమలుచేసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ సభ్యులిద్దరిని అమెరికా అధ్యక్షుడు గడువు తీరకుండానే తీసేశారు. ఇవి నీ చేతిలో లేవు. నీ చేతిలో ఉన్నది ఉత్తర్వు రాయడం. ఆధారం తర్వాత ఆధారం పేర్చి, అప్పీలులో నిలిచేలా రాయి. బలహీనమైన ఉత్తర్వే జోక్యానికి మొదటి సందు.

మొదటి జీతం అందేలోపు మీ చట్టంలో నియామకం, తొలగింపు, ప్రభుత్వ ఆదేశాల సెక్షన్లు చదువు. ఎక్కడ లొసుగు కనిపించిందో నాకు ఉత్తరం రాయి.